సూర్యశక్తి - సేద్యపు నీరు

కామారెడ్డి పట్టణానికి ఆగ్నేయ దిక్కున బీబీపేట ఉన్నది. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు నిజామాబాదు జిల్లా నుండి కామారెడ్డి జిల్లా విడివడినది. అంతవరకు దోమకొండ మండలంలో ఉండిన బీబీపేట అప్పుడే వేరొక మండలానికి కేంద్రమైనది. ఊరికి పెద్ద చెరువు ఉన్నది. చెరువు నీరు పారే చోట వరి పొలాలు. పారని చోట బోరుబావులు, వాటి కింద వరి, మొక్కజొన్న. మిగిలిన మెట్ట నేలల్లో పత్తి మొదలైన పంటలు. ఈ వైపు వాగులు తూర్పుగా సాగి, నర్మాల దగ్గర ఉన్న ఎగువ మానేరు జలాశయం వైపు పోతవి. తెలంగాణ పీఠభూమి మీద ఇటువంటి ఊళ్లు వేలకొలది ఉన్నవి. కనుక ఇక్కడి సేద్యానికి వచ్చిన చిక్కును అర్థం చేసుకొంటే ఎన్నో ఊళ్ల సంగతి అర్థమవుతుంది.

ఆ చిక్కును రెండు సంవత్సరాల అనుభవం చక్కగా చూపుతుంది. 2015-16లో వానలు తప్పినవి. ఈ జిల్లాకు ప్రధానమైన నిజాంసాగరు జలాశయం అడుగంటినది. చెరువులు బీటలు వారినవి. బోర్లు ఒకదాని తరువాత ఒకటి ఎండిపోయినవి. పది సంవత్సరాలు గడిచిన తరువాత, 2025 ఆగస్టు 27, 28 తేదీలలో ఇదే జిల్లాలో కుంభవృష్టి కురిసినది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క దినంలో 40 సెంటీమీటర్లకు మించిన వాన నమోదైనది. ఇక్కడ ఏడాది మొత్తానికి కురిసే వాన దాదాపు 100 సెంటీమీటర్లు. అంటే అయిదు నెలలు కురవవలసిన దానిలో మూడవ వంతుకు పైగా ఒక్కరోజున పడినదన్నమాట. చెరువు కట్టలు తెగినవి. భిక్కనూరు వద్ద రైలు కట్ట కింది మట్టి కొట్టుకొనిపోయినది. ఎగువ మానేరు వరదలో చిక్కుకొన్న రైతులను వాయుసేన హెలికాప్టర్లు వచ్చి కాపాడవలసి వచ్చినది.

ఒకసారి నీరు లేక నష్టం, ఒకసారి నీరు ఎక్కువై నష్టం. ఈ రెండింటికీ తట్టుకొని నిలిచే శక్తిని ఒక ఊరు ఎట్లా సంపాదించుకోగలదు? ఎండ నుండి తీసే కరెంటు ఇందుకు ఎంతవరకు తోడ్పడుతుంది? దానితోపాటు ఏ కట్టుబాట్లు ఉండాలి? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకుదాము.

వాన తీరు మారుటకు కారణం

పొయ్యి మీద వేడినీటి గిన్నె నుండి లేచే ఆవిరిని మనం రోజూ చూస్తాము. గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత ఎక్కువ ఆవిరిని తనలో ఇముడ్చుకోగలదు. లెక్క ప్రకారం, ఒక సెంటీగ్రేడు డిగ్రీ వేడి పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. అందువల్ల రెండు ఫలితాలు కలుగుతవి. వాన లేని దినాలలో ఆ వెచ్చని గాలి నేలలోని తడిని మరింతగా పీల్చివేస్తుంది. వాన పడే దినాన, మోస్తున్న ఆవిరి ఎక్కువ గనుక, ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. కరువు, కుంభవృష్టి ఒకదానికొకటి విరుద్ధంగా కనిపించినా రెండింటికీ మూలం ఒకటే.

ఇక గాలి ఎందుకు వేడెక్కుతున్నది? బొగ్గు, కిరసనాయిలు, పెట్రోలు మండినప్పుడు కార్బన్ డయాక్సైడు వాయువు పుడుతుంది. దీనినే మన పెద్దలు బొగ్గుపులుసు వాయువు అని వ్రాసేవారు. సూర్యకాంతిని ఇది లోపలికి రానిస్తుంది; కాని వేడెక్కిన నేల నుండి తిరిగిపోయే ఉష్ణంలో కొంత భాగాన్ని ఆపివేస్తుంది. 1896లోనే స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు ఆర్హీనియస్ ఈ వాయువు పెరిగితే భూమి ఎంత వేడెక్కునో లెక్క కట్టినాడు. 1958లో కీలింగ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు హవాయి ద్వీపంలోని మౌనా లోవా పర్వతం మీద దీనిని నిత్యం కొలవడం మొదలుపెట్టినాడు. అప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకు 315 పాళ్లు ఉండినది. 2024 నాటికి అది 420 దాటినది. యంత్రయుగానికి పూర్వం సుమారు 280 మాత్రమే.

బీబీపేట రైతు ఈ వాయువును పెంచినవారిలో చాలా చిన్నవాడు. అయినా ఫలితం అనుభవించేవారిలో ముందు వరుసలో ఉన్నాడు. అందుచేత అతనికి రెండు పనులు కలిసి రావాలి: తన సేద్యం వానల ఒడిదుడుకులకు తట్టుకోవాలి, తనకు కావలసిన శక్తి బొగ్గు మండించకుండా దొరకాలి.

రాతి కింది నీరు

ఈ ప్రాంతపు నేల అడుగున ఉన్నది నల్లరాయి, గ్రానైటు జాతి రాయి. పైన కొంత మట్టి, దాని కింద రాయి చివికి ఏర్పడిన మొరం, ఆ కింద గట్టి బండ. వాన నీరు మొరంలో నిలుస్తుంది. బండలో ఉన్న సన్నని పగుళ్లలోనికి కొంత దిగుతుంది. గంగానది మైదానంలో వలె వందల అడుగుల లోతు ఇసుక పొరలు ఇక్కడ లేవు. మన భూమి కింద ఉన్నది సముద్రం కాదు, బొక్కెన అన్న సంగతి మరువరాదు.

ఆ బొక్కెన ఎంత నిండుతుందో చూద్దాము. ఇటువంటి రాతినేలలో కురిసిన వానలో సుమారు పదవ వంతు మాత్రమే లోనికి ఇంకుతుంది. అంటే ఏడాదికి 1,000 మిల్లీమీటర్ల వానలో 100 మిల్లీమీటర్లు. ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరు అంటే నాలుగు వేల లీటర్లు. కనుక ఎకరం నేల ఏడాదికి నాలుగు లక్షల లీటర్లు లోపల దాచుకొంటుంది.

యాసంగిలో ఎకరం వరికి కావలసిన నీరు సుమారు 1,200 మిల్లీమీటర్లు. అంటే 48 లక్షల లీటర్లు. పన్నెండు ఎకరాల నేల ఏడాదంతా దాచినది ఒక్క ఎకరం వరి నాలుగు నెలలలో తాగివేస్తుందన్నమాట. మడిలో పెట్టిన నీటిలో కొంత తిరిగి ఇంకే మాట నిజమే. దానిని తీసివేసినా ఎకరం వరి కొరకు అనేక ఎకరాల నేల తన నీటిని ఇవ్వవలసినదే. మొక్కజొన్నకు ఇందులో సగం కన్న కొంచెం తక్కువ, 22 లక్షల లీటర్ల ప్రాంతంలో చాలును.

ఈ లెక్క తప్పినప్పుడు ఏమవుతుంది? నీటిమట్టం దిగిపోతుంది. రైతు అప్పుచేసి మరింత లోతుకు బోరు వేస్తాడు. లోతుకు పోయినకొద్దీ పగుళ్లు తగ్గుతవి గనుక నీరు పడే నమ్మకమూ తగ్గుతుంది. పక్క రైతు బోరు ఎండుతుంది. అతడూ లోతుకు పోతాడు. ఈ పందెంలో గెలిచినవాడు లేడు.

నీటిని పైకి తెచ్చుటకు ఎంత శక్తి?

వెయ్యి లీటర్ల నీటిని ఒక మీటరు ఎత్తుకు లేపుటకు కావలసిన శక్తిని భౌతిక శాస్త్రం ఖచ్చితంగా చెప్పగలదు. ఏ నష్టమూ లేకుంటే ఒక యూనిటు కరెంటు వెయ్యి లీటర్లను 367 మీటర్లు లేపుతుంది. కాని మోటారులో, పంపులో, గొట్టంలో నష్టాలు ఉంటవి. పల్లెలోని మోటారు, పంపు కలిసి నూటికి 40 పాళ్లు పనిచేస్తవి అనుకొందాము. అప్పుడు 50 మీటర్ల లోతు నుండి ఒక యూనిటు సుమారు మూడు వేల లీటర్లు తెస్తుంది. 100 మీటర్ల లోతు నుండి పదిహేను వందల లీటర్లు మాత్రమే.

కాబట్టి ఎకరం వరికి 50 మీటర్ల లోతున నీరుంటే సుమారు 1,600 యూనిట్లు, 100 మీటర్లకు దిగితే 3,200 యూనిట్లు కావాలి. పంట అదే, గింజ అదే. ఖర్చయ్యే శక్తి రెండింతలు. మన దేశంలో కరెంటు ఇప్పటికీ ఎక్కువగా బొగ్గు నుండి వస్తున్నది గనుక సగటున యూనిటుకు 700 గ్రాముల ప్రాంతంలో బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. 3,200 యూనిట్లకు అది రెండు టన్నులు దాటుతుంది. నీరు దిగిపోవడం నీటి సమస్య మాత్రమే అనుకొంటాము. అది శక్తి సమస్య కూడా.

తెలంగాణలో 2018 జనవరి 1 నుండి సేద్యానికి రోజంతా ఉచిత విద్యుత్తు అమలులోనికి వచ్చినది. అప్పటికే రాష్ట్రంలో 23 లక్షల వ్యవసాయ కనెక్షన్లు ఉండినవి. అర్ధరాత్రి పాములు, తేళ్ల మధ్య మోటారు వేయుటకు పోయే బాధ రైతుకు తప్పినది. ఇది చిన్న మేలు కాదు. అయితే కరెంటు రాగానే దానంతట మోటారు తిరిగే ఆటో స్టార్టర్లు పొలాలలో అలాగే ఉంటే, రోజంతా నీరు తోడబడుతుందని భయపడి, వాటిని తీసివేయవలసిందిగా విద్యుత్ సంస్థలు రైతులను కోరినవి. వెలలేని వస్తువును పొదుపు చేయుటకు మనిషికి ప్రేరణ ఉండదన్న సంగతి ఇందులో తెలుస్తున్నది.

ఎండ కరెంటుగా మారే విధం

సౌర ఫలకం సిలికన్ అనే పదార్థపు పలుచని పలకలతో చేయబడుతుంది. సిలికన్ ఇసుక నుండి దొరుకుతుంది. కాంతి ఆ పలక మీద పడగానే అందులోని ఎలక్ట్రానులు కదలి, ఒక వైపు నుండి మరొక వైపుకు ప్రవహించుటకు సిద్ధపడతవి. ఆ ప్రవాహమే విద్యుత్తు. తిరిగే భాగాలు లేవు, పొగ లేదు, చప్పుడు లేదు. మధ్యాహ్నపు ఎండలో చదరపు మీటరు మీద సుమారు వెయ్యి వాట్ల శక్తి పడుతుంది. దానిలో అయిదవ వంతును నేటి ఫలకం కరెంటుగా మార్చగలదు.

మన ప్రాంతపు ఎండకు ఒక కిలోవాటు ఫలకం రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది. అయిదు అశ్వశక్తుల పంపుకు సుమారు అయిదు కిలోవాట్ల ఫలకాలు కావాలి. అవి 25 చదరపు మీటర్ల చోటు ఆక్రమిస్తవి. వాటి నుండి రోజుకు 20 యూనిట్లు, ఏడాదికి 7,000 యూనిట్లు వస్తవి. యాసంగి నాలుగు నెలలలో వచ్చేది 2,400 యూనిట్లు. పై లెక్కతో పోల్చి చూడండి. నీరు 50 మీటర్ల లోతున ఉంటే ఈ శక్తి ఎకరంన్నర వరిని తడుపుతుంది. 100 మీటర్లకు దిగితే ముప్పాతిక ఎకరానికే సరిపోతుంది. ఎండ ధారాళంగా ఉన్నా భూమి కింది నీరు కరిగిపోతే ఫలకం రైతును ఆదుకోజాలదు.

2019లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన పి.ఎం. కుసుమ్ పథకంలో మూడు విధాలు ఉన్నవి. మొదటిది, సబ్‌స్టేషన్ల దగ్గర బీడు భూములలో 500 కిలోవాట్ల నుండి 2 మెగావాట్ల వరకు సౌర కేంద్రాలు పెట్టి కరెంటు అమ్మడం. రెండవది, కరెంటు తీగ అందని పొలంలో విడి సౌర పంపు. మూడవది, ఇప్పటికే తీగకు తగిలించిన మోటారుకు ఫలకాలు జోడించి, తోడగా మిగిలిన కరెంటును తీగలోనికి పంపి అమ్ముకోవడం. రెండవ, మూడవ విధాలకు సాధారణంగా ఖర్చులో కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం భరించాలని, మిగిలినది రైతు వాటా అని నియమం చేసినారు.

ఈ మూడింటిలో భేదం పైకి చిన్నదిగా కనిపించినా ఫలితంలో చాలా ఉన్నది. విడి పంపు గల రైతుకు మిగిలిన ఎండతో పనిలేదు. నీరు తోడితే తోడినంత లాభం. తీగకు కలిపిన పంపు గల రైతుకు ప్రతి యూనిటుకూ రెండు ఉపయోగాలు ఉంటవి: నీరు తోడుకోవచ్చు, లేదా అమ్ముకోవచ్చు. అప్పుడు నీరు తోడకుండా ఉండడమే ఒక ఆదాయం.

ధుండి గ్రామం చేసిన పని

ఈ ఆలోచనను పరీక్షించిన ఊరు ఒకటి ఉన్నది. గుజరాత్ రాష్ట్రం ఖేడా జిల్లాలోని ధుండి గ్రామంలో 2016లో ఆరుగురు రైతులు సౌర పంపుల సహకార సంఘం పెట్టుకొన్నారు. అందరి ఫలకాలు కలిపి 56 కిలోవాట్లు. తమ పొలాలకు, ఇరుగుపొరుగు పొలాలకు నీరు పెట్టుకొని, మిగిలిన కరెంటును విద్యుత్ సంస్థకు అమ్మినారు. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థవారు వారికి సహాయపడినారు. భూగర్భ జలాన్ని మిగిల్చినందుకు యూనిటుకు కొంత అదనపు పైకం కూడా ఇచ్చినారు. పాలను సంఘానికి పోసినట్లే ఎండను పోసి డబ్బు తీసుకొనే పద్ధతి ఇది. అమూల్ పాలసంఘం పుట్టిన జిల్లా అదే కావడం గమనించదగినది.

మన లెక్కకు దీనిని అన్వయించి చూద్దాము. యూనిటుకు మూడు రూపాయలు ధర కట్టినారనుకొందాము. 100 మీటర్ల లోతు నుండి నీరు తోడే రైతు ఒక ఎకరంలో వరి మాని మొక్కజొన్న వేస్తే సుమారు 1,700 యూనిట్లు మిగులుతవి. వాటి విలువ అయిదు వేల రూపాయలు. నీళ్లు మిగిలినవి 26 లక్షల లీటర్లు. అయిదు వేలు ఉపేక్షించదగిన మొత్తం కాదు. కాని వడ్లకు మద్దతు ధర, కొనుగోలు కేంద్రం ఉన్నవి. మొక్కజొన్నకు, పప్పులకు అంతటి భరోసా లేనప్పుడు ఈ అయిదు వేల కొరకు రైతు వరి మానడు. అందుచేత కరెంటు ధరతోపాటు పంట కొనుగోలు విధానం కూడా నీటిని దృష్టిలో పెట్టుకొని ఉండాలి. ఒక శాఖ పొదుపు చేయమని, మరొక శాఖ ఖర్చు చేయమని చెప్పినట్లయితే రైతు ఎవరి మాట వినాలి?

ఊరి నీటి పద్దు

ధనపు పద్దు వ్రాసినట్లే నీటి పద్దు కూడా వ్రాయవచ్చునని తెలుగు రైతులే నిరూపించినారు. 2003 తరువాత కొన్ని సంవత్సరాలు అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలలో 600కు పైగా పల్లెలలో రైతులే భూగర్భ జల యాజమాన్యం చేపట్టినారు. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ దీనికి సహాయమిచ్చినది. రైతులు, వారిలో స్త్రీలు కూడా, వానను కొలపాత్రతో కొలిచినారు. నిర్ణీత దినాలలో బావుల నీటిమట్టం చూచి గోడల మీద వ్రాసినారు. వానకాలం ముగియగానే ఊరంతా కూర్చొని, లోపల ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని లెక్క చూసుకొన్నారు. ఇక్కడ ఎవరినీ శిక్షించే చట్టం లేదు. లెక్క తెలిసిన తరువాత చాలామంది తమంత తామే తక్కువ నీటి పంటలకు మారినారు.

ఇందుకు కావలసిన పరికరాలు ఖరీదైనవి కావు. ఒక వానకొలత పాత్ర, ఒక పొడవైన కొలత టేపు, ఒక పలక, బడిలో లెక్కలు చదివే పిల్లలు: ఇంతే. ఏ మండల కేంద్రంలోనైనా ఈ పని రేపే ప్రారంభించవచ్చు.

చెరువు చేసే రక్ష

కుంభవృష్టి సంగతి మిగిలి ఉన్నది. 40 సెంటీమీటర్ల వాన అంటే ఎకరానికి 16 లక్షల లీటర్లు. అది యాసంగి వరికి కావలసిన దానిలో మూడవ వంతు. ఆ నీరు కాస్త నెమ్మదిగా నడిస్తే వరం, పరుగెత్తితే ప్రళయం. దానికి పగ్గం వేసేవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దూకిన నీరు కింది చెరువుకు చేరుతుంది. ప్రతి చెరువూ కొంత నీటిని ఆపి, కొంత ఇంకించి, మిగిలినది అందిస్తుంది.

పూడిక నిండిన చెరువు ఈ పని చేయలేదు. 2015 మార్చి 12న మిషన్ కాకతీయ పథకాన్ని సదాశివనగర్ చెరువులో పూడికతీతతో ప్రారంభించినారు. ఆ ఊరు నేటి కామారెడ్డి జిల్లాలోనిదే. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని ఆనాడు తలపెట్టినారు. తీసిన ఒండ్రును రైతులు పొలాలకు తోలుకొని బలం చేకూర్చుకొన్నారు. కాని చెరువుకు పూడికతీత ఒక్కసారి చేస్తే తీరే పని కాదు. కట్ట మీద చెట్లు పెరగకుండా, ఎలుక బొరియలు పడకుండా, మత్తడి ముందు అడ్డు లేకుండా, వాగు దారిలో కట్టడాలు రాకుండా ఏటేటా చూడాలి. ఇదివరకటి కొలతలతో కట్టిన మత్తళ్లు ఇప్పటి వానలకు చాలునా అన్నది ఇంజనీర్లు మళ్లీ లెక్క చూడవలసిన సంగతి.

వరద వచ్చినప్పుడు స్తంభాలు ఒరిగి, ట్రాన్స్‌ఫార్మర్లు మునిగి, కరెంటు పోవడం సహజం. అట్టి సమయంలో ఊరిలో కొన్ని చోట్లనైనా దీపం వెలగాలి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో వందలాది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు సౌర ఫలకాలు, బ్యాటరీలు పెట్టినారు. అందువల్ల రాత్రి కాన్పులకు, టీకామందులను చల్లగా ఉంచుటకు తీగ మీది కరెంటు కొరకు ఎదురుచూడవలసిన పని తగ్గినది. ఆరోగ్య కేంద్రం, తాగునీటి పంపు, జనానికి ఆశ్రయమిచ్చే బడి: ఈ మూడింటికి సొంత ఫలకాలు, బ్యాటరీలు ఉంటే ఊరు రెండు మూడు రోజులు ఒంటరిగా నిలువగలదు. ఇండ్ల విషయానికి వస్తే, నాగర్‌కర్నూలు జిల్లా కొండారెడ్డిపల్లిలో 2025 నాటికి 480 ఇండ్ల మీద మూడేసి కిలోవాట్ల ఫలకాలు అమర్చినారు. అయితే బ్యాటరీ లేని ఫలకం తీగలో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. తీగ బాగుచేసే పనివారికి ప్రమాదం రాకుండా చేసిన ఏర్పాటు అది. ఆపదకు అక్కరకు రావలెనంటే బ్యాటరీ ఉండవలసినదే.

చేయవలసినవి

2025 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం స్వచ్ఛ శక్తి విధానాన్ని ప్రకటించినది. మహిళా స్వయం సహాయక సంఘాల చేత వెయ్యి మెగావాట్ల సౌర కేంద్రాలు పెట్టించాలన్న సంకల్పం కూడా ఉన్నది. ఒక మెగావాటు కేంద్రానికి సుమారు నాలుగు ఎకరాలు కావాలి. ఏడాదికి పదిహేను లక్షల యూనిట్లు వస్తవి. బీడు భూమి ఉన్న మండలానికి ఇది కొత్త రాబడి. అయితే ఆ భూమి పశువులు మేసే గట్టు గానీ, చెరువు శిఖం గానీ కారాదు. చెరువుకు నీరు వచ్చే దారిని ఫలకాల వరుసలు మూయరాదు.

పైన చెప్పిన దానిని ఇట్లా కూర్చవచ్చు. సౌర పంపు పెట్టదలచిన చోట, తీగ ఉన్నంతవరకు తీగకు కలిపి, మిగిలిన కరెంటును తప్పక కొనే కట్టుబాటు చేయాలి. నీటిమట్టం బాగా దిగిన ఊళ్లలో ఆ ధరకు నీటి పొదుపు నిమిత్తం కొంత చేర్చాలి. తక్కువ నీటి పంటలకు వడ్లతో సమానమైన కొనుగోలు భరోసా కల్పించాలి. ప్రతి ఊరూ ఏటా నీటి పద్దు వ్రాసి గ్రామసభలో చదవాలి. చెరువు కట్టలను, మత్తళ్లను వానకాలానికి ముందే తనిఖీ చేయాలి. వీటిలో మొదటి మూడు ప్రభుత్వం చేయవలసినవి. చివరి రెండు ఊరివారు నేడే చేపట్టదగినవి. వానకొలత పాత్ర ఒకటి ఊరి బడి ఆవరణలో నిలిపితే ఆ పని మొదలైనట్లే.